పుస్తకం సర్కారుది కావచ్చు, క్లాసు మాత్రం టీచర్లది

1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజుని కాల్చి చంపి మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన సెర్బు యువకుడు గవ్రీలో ప్రిన్సిప్ వీరుడా, టెర్రరిస్టా? బోస్నియాలో పిల్లాడు ఏ స్కూల్లో చదువుతున్నాడు అన్నదాన్ని బట్టి ఈ ప్రశ్నకి జవాబు మారిపోతుంది. సెర్బులు ఎక్కువగా ఉండే తూర్పు సారాయెవోలో 2014లో ఆయనకి విగ్రహం పెట్టారు, ఇటు బోస్నియాక్‌లు, అంటే బోస్నియా ముస్లింలు, ఎక్కువగా ఉండే సారాయెవోలో చాలా ఇళ్ళల్లో ఆయన పేరెత్తితే హంతకుడనే అంటారు. సెర్బులు, క్రొయేట్లు, బోస్నియాక్‌ల మధ్య 1992 నుంచి 95 దాకా జరిగిన యుద్ధం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు, అక్కడ అమ్మానాన్నలే సాక్షులు. అలాంటి చోట బ్లాక్‌బోర్డు ముందు నిలబడి ముప్పై మంది పిల్లలకి చరిత్ర చెప్పాల్సిన టీచర్ పరిస్థితి ఏంటో ఆలోచించండి. ఆ టీచర్లు ఒంటరిగా కొట్టుకోకుండా సంఘాలుగా కూడి, నిన్నటిదాకా శత్రువులనుకున్న దేశాల టీచర్లతో కలిసి పాఠాలు రాసుకుంటున్నారు. యూరప్‌లో ముప్పై ఏళ్ళకి పైగా నడుస్తున్న ఈ పని గురించి మన దగ్గర మాట్లాడుకునేవాళ్ళు చాలా తక్కువ. దీనికి దక్కాల్సిన గుర్తింపు, డబ్బు, టైమ్ మాత్రం ఏ ప్రభుత్వమూ సరిగ్గా ఇవ్వట్లేదని మా పత్రిక గట్టిగా నమ్ముతోంది.

బెర్లిన్ గోడ కూలాక తూర్పు యూరప్ దేశాల్లో పాత పాఠ్యపుస్తకాలు ఒక్కసారిగా చెల్లని కాగితాలైపోయాయి, కొత్తవి ఎవరు రాయాలో ఎలా రాయాలో ఎవరికీ తెలీదు. అప్పుడు మానవ హక్కుల కోసం యూరప్ దేశాలు పెట్టుకున్న కౌన్సిల్ ఆఫ్ యూరప్ చొరవతో 1992లో యూరోక్లియో పుట్టింది. ఇది ఒక్కో దేశంలో ఉన్న హిస్టరీ టీచర్ల సంఘాలన్నిటికీ ఉమ్మడి సంఘం లాంటిది, ఆఫీసు నెదర్లాండ్స్‌లోని ద హేగ్‌లో. అంతకు ముందు నుంచే ఉన్న పాత సంఘాలు కూడా చాలానే ఉన్నాయి, బ్రిటన్‌లో హిస్టారికల్ అసోసియేషన్ 1906లో, ఫ్రాన్స్‌లో హిస్టరీ, జాగ్రఫీ టీచర్ల సంఘం 1910లో, జర్మనీ సంఘం 1913లో మొదలయ్యాయి, అంటే రెండు ప్రపంచ యుద్ధాలనీ చూసిన సంఘాలు ఇవి.

వీటి పని అంటే ఏడాదికోసారి మీటింగ్ పెట్టి టీ తాగి ఫోటో దిగి వెళ్ళిపోవడం అనుకుంటే పొరపాటే. యూగోస్లావియా ముక్కలైన తర్వాత బోస్నియా, క్రొయేషియా, సెర్బియా టీచర్లు యూరోక్లియో ద్వారా ఒక చోట కూర్చున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే పెద్ద సమస్య. యుద్ధంతో మొదలుపెడితే మొదటి రోజే గది ఖాళీ అయిపోతుంది. వాళ్ళు 1945 నుంచి 1990 దాకా మామూలు జనం ఎలా బతికారు అన్నది పట్టుకున్నారు, అంటే కమ్యూనిస్టు తూర్పుకీ పెట్టుబడిదారీ పడమరకీ మధ్యన ఉన్న యూగోస్లావియాలో రోజువారీ బతుకు ఎలా నడిచింది అన్నది, అదే పాఠాలుగా రాసి 2008లో మూడు దేశాల టీచర్ల ఉమ్మడి పుస్తకంగా తెచ్చారు. అమ్మమ్మ కాలం బతుకు గురించి మాట్లాడటానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, అలా మాట్లాడుతూ పోతే అందరూ ఒకే దేశంలో బతికిన సంగతి పిల్లలకి తెలుస్తుంది, కష్టమైన ప్రశ్నలు ఆ తర్వాత వాళ్ళే అడుగుతారు. తొంభైల యుద్ధాల్ని క్లాసులో ఎలా చెప్పాలి అన్న పనిలోకి కూడా వాళ్ళు ఆ తర్వాత దిగారు, అది ఇప్పటికీ నడుస్తున్న పని, ఒక్క ఏడాదిలో తేలేది కాదు.

ఎందుకంత అవసరం అంటే బోస్నియాలో ఒకే కప్పు కింద రెండు స్కూళ్ళు అనే పద్ధతి ఇంకా ఉంది. ఒకే బిల్డింగ్, ఒక గుమ్మంలోంచి క్రొయేట్ పిల్లలు ఇంకో గుమ్మంలోంచి బోస్నియాక్ పిల్లలు, లేదంటే వేర్వేరు షిఫ్టులు, సిలబస్ వేరు, చరిత్ర పుస్తకం వేరు. యయిత్సే ఊళ్ళో 2016-17లో ఇంకో కొత్త స్కూలు పెట్టి పిల్లల్ని ఇలాగే విడదీయబోతే స్టూడెంట్లే రోడ్డెక్కి ఆపారు, వాళ్ళకి 2018లో, మైనారిటీల కోసం పనిచేసేవాళ్ళకి ఇచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ అవార్డు కూడా వచ్చింది. పిల్లలకున్న ఈ ధైర్యం ప్రభుత్వాలకి ఎప్పుడొస్తుందో మాకైతే తెలీదు.

సైప్రస్‌ది కూడా ఇలాంటి కథే. 1974 నుంచి దీవి రెండు ముక్కలు, గ్రీకు సైప్రియట్లు ఒక వైపు టర్కిష్ సైప్రియట్లు ఒక వైపు, మధ్యలో ఐక్యరాజ్యసమితి సైనికులు కాపలా కాసే బఫర్ జోన్. 2003లో దాటి వెళ్ళడానికి దారులు తెరిచారు, అదే ఏడాది రెండు వైపుల టీచర్లు, పరిశోధకులు కలిసి చారిత్రక సంవాదం కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. కలవడానికి చోటు ఎక్కడ? ఎవరి వైపు వెళ్ళినా రెండో వాళ్ళకి ఇబ్బందే కదా. రాజధాని నికోసియాలో, లెడ్రా ప్యాలెస్ హోటల్ ఎదురుగా, సరిగ్గా ఆ బఫర్ జోన్ లోపలే పాడుబడ్డ ఒక బిల్డింగ్ బాగుచేసుకుని 2011లో సహకార భవనం అని తెరిచారు. ఆ తర్వాత రెండు వైపుల టీచర్లకి ట్రైనింగ్ అక్కడే జరిగింది, స్కూలు పిల్లలు వచ్చి కలిసిందీ ఆ బఫర్ జోన్‌లోనే. నాయకుల చర్చలు ఎన్నిసార్లు ఆగిపోయినా ఈ ఇల్లు మాత్రం మూతపడలేదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 1935లోనే ఫ్రెంచ్, జర్మన్ చరిత్రకారులు, టీచర్లు కూర్చుని పాఠ్యపుస్తకాల్లో విద్వేషం తగ్గించాలని మాట్లాడుకున్నారు, హిట్లర్ ఏలుబడిలో అది ముందుకు సాగలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ నుంచి గియోర్గ్ ఎకెర్ట్, ఫ్రాన్స్ టీచర్ల సంఘం నుంచి ఎడ్వార్ బ్రూలే మళ్ళీ ఆ పని అందుకుని 1951లో ఒక ఒప్పందానికి వచ్చారు. 1914లో కావాలని యుద్ధం తెచ్చారని ఏ ఒక్క ప్రభుత్వం మీదా ఏ ఒక్క ప్రజల మీదా నింద వేయడానికి ఉన్న పత్రాలు సరిపోవు అని అందులో రాసుకున్నారు. ఆ రెండో యుద్ధంలో కోట్ల మంది చచ్చిపోయిన ఆరేళ్ళకే ఈ మాట మీద సంతకం పెట్టడానికి ఎంత గుండె కావాలి! రెండు దేశాల హైస్కూలు పిల్లలకి ఉమ్మడి చరిత్ర పుస్తకం మొదటి భాగం వచ్చింది 2006లో, అంటే ఆ టీచర్లు ముందు నడిస్తే ప్రభుత్వాలు రావడానికి యాభై ఐదేళ్ళు పట్టింది.

ప్రభుత్వాలు వెనక్కి లాగిన చోట్ల కూడా నిలబడింది ఈ సంఘాలే. బ్రిటన్‌లో 2013లో అప్పటి విద్యామంత్రి మైకేల్ గోవ్ తెచ్చిన హిస్టరీ సిలబస్ డ్రాఫ్ట్ మీద హిస్టారికల్ అసోసియేషన్‌తో సహా అంతా గట్టిగా మాట్లాడితే కొన్ని నెలల్లోనే చాలా మార్చాల్సి వచ్చింది. హంగరీలో 2020లో కొత్త జాతీయ కరిక్యులం వచ్చినప్పుడు హిస్టరీ టీచర్ల సంఘం బహిరంగంగానే తప్పుబట్టింది, అక్కడ గెలవలేదు, కానీ నోరు మూసుకోనూ లేదు. సర్కారుకి అడ్డు చెప్పే గొంతు లేకపోతే ఏమవుతుందో రష్యాని చూస్తే చాలు, 2023 సెప్టెంబర్‌లో స్కూళ్ళకి వచ్చిన ఒకే ఒక్క చరిత్ర పుస్తకంలో ఉక్రెయిన్ మీద యుద్ధం న్యాయమే అని పిల్లలకి పాఠంగా చెప్తున్నారు.

ప్రమాదం ప్రభుత్వాల నుంచే వస్తుందని కూడా లేదు. 2020 అక్టోబర్ 16న ఫ్రాన్స్‌లో సామ్యుయెల్ పాటీ అనే హిస్టరీ, జాగ్రఫీ టీచర్‌ని స్కూలు దగ్గర్లోనే తల నరికి చంపేశారు, భావప్రకటనా స్వేచ్ఛ మీద పాఠం చెప్తూ ముహమ్మద్ ప్రవక్త మీద వేసిన కార్టూన్లు చూపించినందుకు. అక్కడి టీచర్ల సంఘం ఆయన పేరు మీద ప్రైజ్ పెట్టింది, స్టూడెంట్లు టీచర్లతో కలిసి చేసిన ప్రాజెక్టులకి అది ఇస్తారు. భయపడి ఆ పాఠం తీసేయకుండా ఆ పాఠం చెప్పేవాళ్ళనే ముందుకు తెచ్చిన ఆ నిర్ణయానికి మా పత్రిక చేతులెత్తి నమస్కరిస్తోంది.

మనకీ ఇది దూరపు ముచ్చట కాదు. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానంలో జరిగింది విమోచనమా, విలీనమా, సమైక్యతా? అధికారంలో ఉన్న పార్టీని బట్టి పేరు మారుతోంది, అదే రోజు ఒకే ఊళ్ళో రెండు సభలు రెండు పేర్లతో జరగడం మనం చూశాం. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలోంచి మొఘలుల చాప్టర్ తీసేసినప్పుడు కూడా చరిత్రకారులు మాట్లాడారు, రాజకీయ నాయకులు మాట్లాడారు, టీవీల్లో అరుచుకున్నారు, ఆ పాఠం చెప్పే సోషల్ టీచర్‌ని మాత్రం ఎవరూ అడగలేదు. మన యూనియన్లు పీఆర్సీ కోసం ట్రాన్స్‌ఫర్ల కోసం గట్టిగానే కొట్లాడతాయి, అది తప్పనిసరి కూడా, కానీ సబ్జెక్ట్ గురించి సర్కారుతో ఢీ అనే సంఘం మనకి ఏది?

యూరప్‌లోనూ అంతా సాఫీగా లేదు. ఈ సంఘాల్లో ఎక్కువమంది పగలంతా క్లాసులు చెప్పి, పేపర్లు దిద్ది, మిగిలిన టైమ్‌లో జీతం లేకుండా ఈ పని చేసేవాళ్ళే. డబ్బు ప్రాజెక్టుల రూపంలో వస్తుంది, ప్రాజెక్ట్ అయిపోగానే పని మధ్యలో ఆగుతుంది, సగం రాసిన పాఠాలు సగంలోనే ఉండిపోతాయి. హిస్టోరియానా అని యూరోక్లియో నడుపుతున్న వెబ్‌సైట్‌లో పాఠాలన్నీ ఉచితంగా దొరుకుతాయి, వాటిని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషికి మాత్రం జీతం కావాలి కదా. అందుకే యూరోపియన్ యూనియన్ ఈ సంఘాలకి రెండు మూడేళ్ళ గ్రాంట్లతో సరిపెట్టకుండా ఏటా ఖాయంగా నిధులివ్వాలి. ఏ దేశంలోనైనా సంఘం వర్క్‌షాప్‌కి వెళ్ళిన టీచర్‌కి ఆ రోజుని సెలవు కింద కోసెయ్యకుండా డ్యూటీ కింద లెక్కేయాలి, సిలబస్ కమిటీలో ఆ సంఘం ప్రతినిధికి ఓటుతో సహా కుర్చీ వేయాలి.