కొబ్బరి నీళ్లు పది రోజులు ఉంచితే వెనిగర్ కాదు

ఈ వారంలో ఒకే సందేశాన్ని నలుగురు పంపారు. కొబ్బరి వెనిగర్‌లో 17 అమైనో ఆమ్లాలు ఉన్నాయట. చింతపండు మానేసి దాన్నే వాడాలట. కొబ్బరి నీళ్లను సీసాలో పోసి మూత బిగించి పది రోజులు ఉంచితే ఇంట్లోనే తయారవుతుందట, అది పోస్తే ఊరగాయల్లో ఉప్పు, నూనె సగానికి తగ్గించవచ్చట. షుగరు మాత్రలు కూడా మానేయవచ్చట.

అమైనో ఆమ్లాలా? కూరలో పడేది రెండు చెంచాలు. గిన్నెడు పప్పులో అంతకంటే ఎక్కువే దొరుకుతాయి. చింతపండు మానమనేవారు ముందు వెనిగర్‌తో పులిహోర కలుపుకుని తిని చూపించాలి.

నాకు ఒళ్లు మండేది ఆ సీసా సంగతి చదివినప్పుడు. గోవాలో ఈ వెనిగర్ చేసేది కొబ్బరి కల్లుతో, నీళ్లతో కాదు. ఫిలిప్పీన్స్‌లో నీళ్లతోనూ చేస్తారు, కానీ చక్కెర కలిపి. ఎందుకంటే 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో చక్కెర మహా అయితే 5 గ్రాములు. అదంతా పొల్లుపోకుండా మారినా ఆమ్లం 3.3 గ్రాములు దాటదు. అంగడి వెనిగర్‌లో 4, 5 శాతం ఉంటుంది. పైగా మూత బిగిస్తే గాలి ఆడదు, గాలి లేనిదే వెనిగర్ కాదు.

మా పిన్ని చేసిన సీసా చూశాను. పైన ముడతలు పడ్డ తెల్లటి పొర. మూత తిప్పగానే బుస్సుమని నురగ. ఆ నీళ్లు మాగాయలో పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. చెమ్మ తగలకూడదని జాడీని ఎండబెట్టి తుడిచే ఇళ్లకు, ఉప్పూ నూనే తగ్గించి నీళ్లు పోయమని చెప్పడానికి నోరెలా వచ్చింది? బూజు పట్టిన జాడీ ఆ సందేశం రాసినవారు తింటారా?

ఇక మాత్రలు. అన్నంతో పాటు కాస్త వెనిగర్ పడితే భోజనం తర్వాత రక్తంలో చక్కెర కొంచెం తక్కువ పెరగవచ్చు. ఆ గుణం ఏ వెనిగర్‌కైనా ఉంది. అది మాత్రకు బదులు కాదు. వైద్యుణ్ని అడగకుండా ఒక్క పూట కూడా మానకండి.

‘ఈ రుచి మరి దేనికీ రాదు’ అన్న ఆ సందేశం చివరి వాక్యం మాత్రం నిజం. గోవా వాళ్ల పుల్లటి మాంసం కూర విందాలూ ఒకసారి మామూలు తెల్ల వెనిగర్‌తో చేస్తే పులుపు గొంతులో గుచ్చుకుంది. తర్వాత గోవా నుంచి తెచ్చిన కల్లు వెనిగర్‌తో ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర నూరి, పంది మాంసానికి పట్టించి రాత్రంతా ఉంచాను. పులుపు మెత్తగా తగిలి, వెనకాలే సన్నటి తీపి వచ్చింది. మర్నాడు ఇంకా బాగుంది.