కుర్చీ మారితే యుద్ధం ఆగుతుందట!

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా బావగారు పంపారు, తర్వాత పాత కొలీగ్ ఒకాయన. నిన్న రాత్రి అపార్ట్‌మెంట్ గ్రూపులో దండం బొమ్మతో సహా దిగింది. "నాయకుడు మారితే చాలు, ఏ యుద్ధమైనా మర్నాడే ఆగుతుంది" అని నాలుగు సాక్ష్యాలు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

రీగన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేయగానే ఇరాన్ భయపడి తన దగ్గరున్న అమెరికా బందీలను వదిలేసిందట. విడుదల ఒప్పందం ముందురోజే, 1981 జనవరి 19న, పాత అధ్యక్షుడు కార్టర్ హయాంలోనే కుదిరింది. వండింది ఒకరు, వడ్డించింది ఇంకొకరు. తర్వాతిది.

సోవియట్ అధినేతగా గోర్బచేవ్ "రాగానే" అఫ్గానిస్తాన్ నుంచి సోవియట్ సైన్యం వచ్చేసిందట. ఆయన వచ్చింది 1985 మార్చిలో. చివరి దళం సరిహద్దులోని అము దర్యా నది వంతెన దాటింది 1989 ఫిబ్రవరి 15న. బయటపడాలని ఆయనకూ ఉంది. కానీ పరువు పోకూడదు, కాబూల్లో తమవాళ్ల ప్రభుత్వం కూలకూడదు. అందుకే ఆ "రాగానే"కి దాదాపు నాలుగేళ్లు పట్టింది.

ఒళ్లు మండేది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దగ్గర. "వచ్చాడు, వియత్నాం యుద్ధం ముగించాడు" అట! 1969 జనవరిలో గద్దెనెక్కాడు. మార్చికల్లా కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించాడు, మరుసటి ఏడాది సైన్యాన్నే పంపాడు. 1972 క్రిస్మస్ రోజుల్లో ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ మీద బీ-52 బాంబర్లు. ప్యారిస్ శాంతి ఒప్పందం 1973 జనవరి 27న. ఈలోగా పోయిన అమెరికా సైనికులే 20 వేలకు పైగా. వియత్నాం, కంబోడియా జనం సంగతి మెసేజ్ రాసినాయనకు పట్టలేదు. ఒప్పందమయ్యాకా పోరు ఆగలేదు, 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయేదాకా. సైన్యాన్ని వెనక్కి రప్పించాడుగా అంటారా? ఇల్లు ఖాళీ చేస్తూ పక్కింటికి నిప్పుపెట్టినవాణ్ణి మంచి కిరాయిదారు అనాలన్నమాట.

ఇక ఉత్తర కొరియా వెనకున్న సోవియట్ అధినేత స్టాలిన్ పోగానే కొరియా యుద్ధం ఆగిందన్నది. దీన్నీ ఏకిపారేద్దామనే కూర్చున్నాను, కుదర్లేదు. 1951 జూలైలో మొదలైన చర్చలు యుద్ధఖైదీల అప్పగింత దగ్గర ఇరుక్కుపోయాయి. 1953 మార్చి 5న స్టాలిన్ పోయాడు. ఆ నెలలోనే మాస్కో కొత్త పెద్దలు యుద్ధం చాలిద్దామని తీర్మానించారు. జూలై 27న కాల్పుల విరమణ. మర్నాడు కాదు గానీ, సరే, ఇది బావగారి ఖాతాలోనే వేసుకోండి. శాంతి ఒప్పందం మాత్రం అక్కడ ఇంతవరకూ లేదు.

మెసేజ్ చివర "అందుకే ట్రంప్ 24 గంటల్లో ఉక్రెయిన్ యుద్ధం ఆపుతాడు" అని ఉంది. ఆయన ప్రమాణం చేసింది 2025 జనవరి 20న. బావగారూ, మీ గడియారం ఏ కంపెనీదండీ?