సవరణ: గిప్స్‌ల్యాండ్ వానపాము పొడవు గురించి

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు బాస్ నది లోయలోనూ, ఆ చుట్టుపక్కలా తప్ప మరెక్కడా కనిపించని గిప్స్‌ల్యాండ్ రాక్షస వానపాము మీద మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

"మూడు మీటర్లు పెరుగుతుంది" అన్నాను. మామూలుగా దాని పొడవు ఒక మీటరు, మందం 2 సెంటీమీటర్లు. ఒళ్లు బాగా సాగే జీవి కదా, సాగినప్పటి కొలతనే నేను అసలు పొడవుగా రాసేశాను.

రెండోది ఇంకా పెద్ద తప్పు. "తెగితే రెండు ముక్కలూ బతుకుతాయి" అని రాశాను. బతకవు. దాని ఒళ్లు ఎంత సున్నితమంటే, మొరటుగా పట్టుకుని లాగినా చిట్లి చచ్చిపోతుంది. ఆ లోటు త్వరగా పూడేదీ కాదు. తేనెరంగులో మెరిసే ఒక్కో గుడ్డు సంచిలో ఒక్కటే పిల్ల ఉంటుంది. అది బయటికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది, వచ్చేసరికే జానెడు పొడవుంటుంది. నా మాట నమ్మి ఎవరికైనా చెప్పి ఉంటే దయచేసి ఇది కూడా చెప్పండి.

మనిషి అడుగుల అదురుకి తడి బొరియలో గుడగుడమంటూ లోపలికి జారుకుంటుందన్నది మాత్రం నిజమే.