డిప్లొమా వచ్చింది గనక ఇక పాడనక్కర్లేదు

నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా పూర్తి చేసి సంగీత కళాశాల గేటు దాటిన మన ఓరుగల్లు యువ విద్వాంసుల భవిష్యత్తు గురించి సమాజం తీవ్రంగా ఆలోచిస్తోంది. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ పెళ్లిలో కనబడ్డా పెద్దలు వాళ్లను అడిగే ప్రశ్నే అందుకు రుజువు: "మంచిగ పాడుతవట గద బిడ్డా, మరి పనేం చేస్తున్నవ్?"

ప్రశ్న సబబైనదే. ఆరేళ్లంటే ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. పక్కింటి అబ్బాయి ఆ ఆరేళ్లూ అలాగే గడిపాడు, అతనికీ ఉద్యోగం రాలేదు. కానీ అతను అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తూ "ట్రయల్స్‌లో" ఉన్నాడు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలనే తొలి పాఠాలతో మొదలై, కచేరీలో కష్టమైన రాగం తానం పల్లవి దాకా వచ్చినవాడు మాత్రం "ఖాళీగా" ఉన్నాడు. రెండూ ఒకటే కదా అనకండి. బీటెక్ ఖాళీకి బ్యాంకు లోను ఉంటుంది, దానికో గౌరవం ఉంటుంది.

కాబట్టి ఈ కాలమ్ తరఫున బాధ్యతగా ఒక ప్రణాళిక సమర్పిస్తున్నాను. మూలసూత్రం చిన్నదే. సంగీతం మీద బతకాలనుకున్నవాడు ముందుగా పాడటం తగ్గించుకోవాలి.

ఇది నా సొంత తెలివి కాదు, కాకతీయుల నాటి ఆనవాయితీ. 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాసిన జాయప సేనాని పేరు తలచుకోకుండా మన ఊళ్లో ఏ సాంస్కృతిక సభా మొదలు కాదు. అయితే ఆయన ఉద్యోగం ఏమిటో ఎవరూ చెప్పరు. గణపతిదేవుడి దగ్గర గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. రామప్ప గుడిలో నర్తకుల శిల్పాలు ఇంకా కొత్తగా మెరుస్తున్న రోజుల్లోనే, నాట్యశాస్త్రం రాసే ఆయనకు ఇల్లు గడిచింది ఏనుగుల శాఖలో! గీతాల మీద, వాద్యాల మీద కూడా ఆయన గ్రంథాలు రాశాడంటారు గానీ అవి మనదాకా రాలేదు. పాటగాళ్లకు చరిత్ర అప్పుడే ఒక హింట్ ఇచ్చింది, మనమే పట్టించుకోలేదు.

ఏనుగుల శాఖ ఇప్పుడు లేదు కాబట్టి గ్రూప్-4 రాసుకోవాలి. గురుకులాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టులు పడితే ఇంకా మంచిది. పడ్డాక కోర్టు కేసు లేకుండా భర్తీ అయితే మరీ మంచిది. అందులో చేరినవాళ్లకు ఆగస్టు 15కు దేశభక్తి గీతం, యాన్యువల్ డేకు సినిమా పాటకు డాన్సు, పీఈటీ సార్ సెలవు పెట్టిన రోజు డ్రిల్లు. నేర్చుకున్న కాంభోజి రాగం అవసరం ఎక్కడా పడదు.

ఆకాశవాణి ఆడిషన్ కూడా ఇవ్వవచ్చు. అక్కడ బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులుంటాయి. బి-హై రావడం చిన్న విషయం కాదని శ్రోతలకు తెలుసు, చుట్టాలకు తెలియదు. "ఏ గ్రేడ్ ఎందుకు రాలే? ట్యూషన్ పెట్టించకపోయిన్రా?" అని మేనమామ బాధపడతాడు. ఆయన్ని ఓదార్చడానికి వారం పడుతుంది.

ఇక అసలు విషయం, పారితోషికం. మన ప్రాంతంలో కళాకారుడికి చెల్లింపు శాలువాల్లో జరుగుతుంది. అదే సభలో స్టేజీ డెకరేషన్ వాళ్లకు అడ్వాన్సు ఇస్తారు. సౌండ్ సిస్టమ్ వాళ్లు సగం పైసలు చేతిలో పడందే బాక్సులు దింపరు. జనరేటర్ డీజిల్ తాగుతుంది, శాలువా కప్పితే తిరగదు. చివరికి పాడిన మనిషి వంతు వచ్చేసరికి అధ్యక్షులవారు మైకు అందుకుని "కళకు వెల కట్టలేం" అంటారు. ఆయన మాట మీద నిలబడే మనిషి, కట్టరు.

దీన్ని అవమానంగా చూడటం పాత పద్ధతి. శాలువాను అధికారిక ద్రవ్యంగా గుర్తిస్తే సమస్య అక్కడితో తీరిపోతుంది. కరెంటు బిల్లు కౌంటర్లో శాలువాలు తీసుకోవాలి, జ్ఞాపికలను చిల్లర కింద లెక్కించాలి. జరీ అంచు ఉన్నదానికి విలువ ఎక్కువ ఉండాలా, ఉన్నిదానికా అన్నది నిపుణుల కమిటీ తేలుస్తుంది. ఇంటి ఓనరు మొదట్లో ఒప్పుకోకపోవచ్చు. డిసెంబరు చలి మొదలయ్యేదాకా ఆగాలి.

గుర్తింపు అంటే గుర్తొచ్చింది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ మధ్య చపాట మిర్చికీ వచ్చింది. అంటే కచేరీకి పరిచిన జంపఖానాకు గుర్తింపు ఉంది, తర్వాత వడ్డించే కూరకు రంగిచ్చిన మిర్చికీ ఉంది. జంపఖానా మీద కూర్చుని పాడి, ఆ కూర తిని వెళ్లే మనిషి సంగతి మాత్రమే పెండింగ్‌లో ఉంది.

పాఠం చెప్పడమే మంచి దారి అని కొందరంటారు. అదీ అమెరికా పిల్లలకు. ఇక్కడ తెల్లారి ఆరైతే అక్కడ తూర్పు తీరంలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలమైతే ఏడున్నర. గురువుగారు పళ్లు తోముకుని, తంబురా పెట్టెను మీట నొక్కి ఆన్ చేసి, లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఆ వీడియో కాల్ సాఫ్ట్‌వేర్‌కు ఒక సుగుణం ఉంది. ఆగకుండా ఒకే తీరున వినబడే శబ్దం ఏదైనా ఫ్యాను మోత అనుకుని తుడిచేస్తుంది. అలా మొదట తంబురాను తుడిచేస్తుంది. గురువు షడ్జమం, అంటే 'స', దీర్ఘంగా నిలిపితే దాన్నీ అనుమానంగా చూస్తుంది. శ్రుతిని రొదగా తేల్చిన మొదటి విమర్శకుడు ఇదే కాదనుకోండి, కానీ దీనికి కనీసం సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్" అని ఒక మీట ఉంది. మన కల్చరల్ కమిటీలకు అదీ లేదు.

తాళం సంగతి వేరు. శబ్దం సముద్రాలు దాటి వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం కుదరదు. ఆదితాళం వేస్తే శిష్యురాలు వెనకబడ్డట్టు గురువుకు అనిపిస్తుంది, గురువే వెనకబడ్డట్టు ఆ పిల్లకు అనిపిస్తుంది. ఫీజు డాలర్లలో ఉన్నప్పుడు ఎవరు వెనకబడ్డట్టో వేరే చెప్పాలా?

త్యాగయ్య రాజుగారి కొలువు వద్దనుకుని ఉంఛవృత్తితో, అంటే ఇంటింటి ముందూ పాడుతూ దొరికిన భిక్షతో బతికాడు కదా, మనమూ అలా బతకలేమా అని థియరీ పేపర్లో మంచి మార్కులు వచ్చినవాళ్లు అడుగుతారు. ఆదర్శమే, కానీ తిరువయ్యూరులో అప్పుడు గేటెడ్ కమ్యూనిటీలు లేవు. ఇప్పుడు తంబురా పట్టుకుని వెళ్తే వాచ్‌మన్ ఏ ఫ్లాటని అడుగుతాడు. యాప్‌లో ఓకే రాకపోతే భజన రోడ్డు మీదే.

ఇన్ని దారులు చూపించినా వినకుండా, "లేదు, నేను పాడాల్సిందే, రెండు గంటల కచేరీ చేయాల్సిందే" అని మొండికేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను ఆపలేం. హాలు అద్దె, మైకు, వయొలిన్ ఆయనకు, మృదంగం ఆయనకు దారి ఖర్చులు, కరపత్రాలు, అందరికీ టీ, అన్నీ వాళ్లే పెట్టుకుంటారు. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చి ముప్పావు గంట జాయప సేనాని గురించి మాట్లాడతారు, సమయాభావం వల్ల కృతులు రెండుకు తగ్గుతాయి. అతిథికి కప్పే శాలువా కూడా పాడేవాళ్లే తేవాలి. దానికి కొత్త ఖర్చు అక్కర్లేదు, బీరువాలో ఉన్నవి సరిపోతాయి. కాకపోతే ఎవరు కప్పిందో మడతలో చీటీ పెట్టుకోవడం మంచిది, పోయినేడు ఆయన ఇచ్చిందే మళ్లీ ఆయన భుజాన పడితే ఫొటోల్లో పోల్చుకుంటారు.