మోర్ లేట్, మోర్ ఫైన్

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి ఇంగ్లీషంటే భయం లేదు, వచ్చిన చిక్కంతా అదే. మెయింటెనెన్స్ డబ్బులు ఐదో తారీఖు దాటితే జరిమానా, ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ, ఇదీ ఆయన చెప్పదలచుకున్నది. తెలుగులో రాసుంటే ఎవరు కాదన్నారు? లిఫ్టు పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంతింత అక్షరాల్లో "మోర్ లేట్, మోర్ ఫైన్" అని రాసి అంటించారు.

రెండో అంతస్తు కుర్రాళ్లు అది చదివి, ఆలస్యమయ్యేకొద్దీ మరీ మంచిదట అని అర్థం తీసి హాయిగా కూర్చున్నారు. వాళ్లని చూసి మిగతావాళ్లూ. "ఏటి బాబూ, ఫైనంటే మంచికా సెడ్డకా?" అని వాచ్‌మన్ నన్నడిగితే ఏం చెప్పను, రెండింటికీనూ. నెల తిరిగేసరికి లిఫ్టు ఆగిపోయింది, బాగు చేయిద్దామంటే పైసా లేదు. సెక్రటరీగారిది ఐదో అంతస్తు.

అప్పుడు మూడో అంతస్తు ట్యూషన్ మేడమ్ మెట్ల మీదే ఆయనకి క్లాసు పీకారు. "అన్నయ్యగారూ, ఇలాంటి వాక్యంలో రెండు ముక్కలకీ ముందు 'ద' ఉండాలండి, దాని వెనక కంపారిటివ్, అంటే 'ఇంకా ఎక్కువ' అని పోల్చే రూపం, ఉండాలి. 'లేట్' పొట్టి మాట, 'లేటర్' అంటే చాలు, 'మోర్' అనేది 'ఎక్స్‌పెన్సివ్' లాంటి పొడుగు మాటలకి. 'ద లేటర్ యు పే, ద బిగ్గర్ ద ఫైన్' అని రాయండి, జరిమానా అని అందరికీ తెలుస్తుంది." చివర 'ఈజ్' ఏదని ఆయన అడ్డం తగిలితే, అక్కడ వదిలేసినా తప్పు లేదన్నారావిడ. పైగా ఈ 'ద' మనం రోజూ వాడే 'ద' కాదట, పాత ఇంగ్లీషులో 'అంత మేరకు' అనే అర్థమిచ్చిన వేరే రూపమట, 'ద మోర్ ద మెరియర్' అన్నది 1546 నాటి సామెతల సంకలనంలోనే ఉందట. కూరగాయల సంచి పట్టుకున్న మనిషిని నిలబెట్టి ఇదంతా చెప్పాలా అంటే, ట్యూషన్ మేడమ్‌లు అంతే.

ఆయన శ్రద్ధగా విని, పాత కాగితం చింపి కొత్తది అంటించారు: "ద మోర్ లేటర్ యు పే, ద మోర్ ఫైనర్." దాంతో కుర్రాళ్లకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

మొన్న ఆదివారం సెక్రటరీగారు రైతు బజారు నుంచి వచ్చి, మూడో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతుంటే మేడమ్ తలుపు తీసి "ద హయ్యర్ ద ఫ్లోర్, ద స్లోవర్ ద సెక్రటరీ" అన్నారు. ఆయన సంచి దించి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, "రెండన్నారు కదమ్మా, నాలుగు 'ద'లు వచ్చాయేంటి?" అన్నారు.