అన్నీ దొరికాయి, కానీ...

నాణేల పిచ్చి అంటుకున్న కొత్తలోనే మా గురువుగారు హెచ్చరించారు. "అన్నీ పోగేద్దామనుకుంటే ఇల్లు తాకట్టు పెట్టాల్సొస్తుంది. ఒక సంవత్సరం పట్టుకోండి. ఆ ఏడు అచ్చయినవన్నీ ఒక్కొక్కటి చొప్పున తెచ్చుకుంటే సెట్టు పూర్తవుతుంది, కాపురమూ నిలబడుతుంది" అని. గురువుగారంటే బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ డబ్బు లెక్కపెట్టి, ఇప్పుడు ఎక్కడా చెల్లని డబ్బు లెక్కపెట్టుకుంటున్నారు.

సంవత్సరం ఎంచుకోవడం ఎంతసేపు, కాఫీ చల్లారేలోగా తేలిపోతుందనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

ముందు నేను పుట్టిన 1974 మీదికి మనసు పోయింది. తొలి వేటలో పది పైసల బిళ్ళ దొరికింది. భూతద్దం పెట్టి చూద్దును గదా, దానిమీద "ప్లాన్డ్ ఫ్యామిలీస్, ఫుడ్ ఫర్ ఆల్" అని ఉంది. సంతానం అదుపులో పెట్టుకోండి, అందరికీ అన్నం అందుతుంది అని సర్కారువారి ఉవాచ. మా అమ్మానాన్నలకి నేను మూడోవాణ్ణి. మా ఆవిడ బిళ్ళని అటూ ఇటూ తిప్పి, "పాపం, వాళ్ళు టైముకే చెప్పారండీ. మామయ్యగారికే ఆ చిల్లర అందినట్టు లేదు" అంది.

1974 అక్కడితో సరి.

"పోనీ మన పెళ్ళయిన ఏడు పెట్టుకోరాదూ?" అని తనే సలహా ఇచ్చింది. 2001. గురువుగారిని అడిగితే, "అవి పాత నాణేలెలా అవుతాయండీ? అదంతా చిల్లర" అన్నారు. నేను చేసిన తప్పల్లా ఆ మాటని పొల్లుపోకుండా ఇంటికి మోసుకురావడం. "ఓహో, మన పెళ్ళి చిల్లర వ్యవహారమన్నమాట" అంది. మూడు రోజులు మా ఇంట్లో చారూ, అప్పడమూ. మూడో రోజుకి అప్పడం కూడా లేదు.

ఇక ఇంట్లోవాళ్ళ సంవత్సరాల జోలికి పోకూడదనుకుని ఒక ఆదివారం చార్మినార్ వెళ్ళాను. గుడ్డ పరుచుకుని కూర్చున్న ఒకాయన నిజాం కాలం అణా ఒకటి చేతిలో పెట్టాడు. అంకెలు ఉర్దూలో ఉన్నాయి, ఏ సంవత్సరమని అడిగితే 1362 అన్నాడు. గుండె గుభేలుమంది. దాదాపు ఏడొందల ఏళ్ళ నాణెం! వెల చెబితే నవ్వొచ్చింది, పాపం అమాయకుడు. బేరం కూడా ఆడకుండా కొనేసి, వెనక్కి పిలుస్తాడేమోనని గబగబా నడిచి ఆటో ఎక్కాను. గురువుగారు చూసి, "బాగుందండీ. 1362 హిజ్రీ. అంటే 1943. మీ నాన్నగారికంటే ఓ ఏడేళ్ళు పెద్దది" అన్నారు. అమాయకుడెవరో అప్పుడు తెలిసింది.

విక్టోరియా రాణి 1862 రూపాయి మీద కూడా కొన్నాళ్ళు మోజుపడ్డాను. అంకె గంభీరంగా ఉంటుంది. తీరా చూస్తే, ఆ రూపాయి అచ్చువాళ్ళు పన్నెండేళ్ళపాటు, 1874 దాకా, 1862 అనే వేస్తూ పోయారట. అసలు ఏ ఏడు వేసిందో తేల్చుకోవాలంటే బిళ్ళమీది చుక్కలు లెక్కపెట్టుకోవాలి. సంవత్సరం రాసి ఉన్నా సంవత్సరం తెలియకపోతే ఇంకెందుకు? చుక్కలు నాకు పగలే కనిపించాయి, వదిలేశాను.

అప్పుడు వెలిగింది బుర్రలో. నాన్నకి డెబ్భై అయిదు నిండబోతున్నాయి. పెన్షన్ కాగితాల్లో, ఆధార్లో, అన్నింట్లో జూలై 1, 1950. అదెంత గొప్ప ఏడు! రాజుగారి తల పోయి సింహాల బొమ్మతో మన సొంత నాణేలు వచ్చింది 1950 ఆగస్టు 15న. సెట్టుకి ఏడే ఏడు. రూపాయి, అర్ధరూపాయి, పావలాల మీద కంకులు. బేడ (అంటే రెండణాలు), అణా, అర్ధణాల మీద ఎద్దు. కానీ, అంటే పావు అణా బిళ్ళ, దాని మీద గుర్రం. రైతుబిడ్డకి ఇంతకంటే ఏం కావాలి?

నెల తిరిగేసరికి ఆరు దొరికాయి. గురువుగారికి ఫోన్ చేశాను.

"అన్నీ దొరికాయండీ, కానీ..."

"కానీ? ఆగారేం, చెప్పండి."

"అదేనండీ, కానీ."

"నేనూ అదే అడుగుతున్నా, కానీ ఏమిటని."

"కానీ లేదండీ!"

"లేకపోతే మరింకేం, సంతోషం" అని పెట్టేశారు.

పదిహేను రోజుల తర్వాత ఆయనే తన దగ్గరున్న కానీ ఒకటి ఇచ్చారు, ముదురు గోధుమరంగులో, గుర్రం తోక వెంట్రుకలతో సహా కనిపించేది. "చెయ్యి తగలనివ్వకండి" అని మరీ చెప్పారు. మా అమ్మకి ఆ మాట చెప్పడం మర్చిపోయాను. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి దేవుడి కుందులతోపాటు కానీ కూడా చింతపండుతో తళతళా తోమి, బొట్టుపెట్టి కూర్చోబెట్టింది.

"అమ్మా, దాని వెలంతా ఆ రంగులోనే ఉంది!"

"అంటే మురికికి డబ్బులిచ్చి కొనుక్కొచ్చావురా?" అంది, నాకేదో అయిందన్నట్టు చూస్తూ.

గురువుగారు దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. "గుర్రానికి తలంటు పోశారన్నమాట" అని మాత్రం అన్నారు.

జూలై 1 వచ్చింది. మఖమల్ పెట్టెలో ఏడూ పేర్చి నాన్న చేతికిచ్చాను. ఆయన మొహం విప్పారింది. అర్ధణాని వేళ్ళ మధ్య తిప్పారు, అణా అంచు మీది వంపులు తడిమారు. 1957లో కొత్త పైసలొచ్చినప్పుడు అణాకి ఆరు పైసలని చెప్పి, నాలుగణాలకి మాత్రం ఇరవై అయిదన్నారనీ, నాలుగార్లు ఇరవై నాలుగు కదా అని అడిగినందుకు పంతులుగారు చెవి మెలేశారనీ చెప్పారు. ఆ ఒక్క పైసా లెక్క ఆయనకి ఇంకా తేలినట్టు లేదు. అంతా అయ్యాక పెట్టె మూస్తూ అడిగారు.

"బాగున్నాయిరా. అన్నీ 1950వే తెచ్చావేం?"

"మీరు పుట్టిన ఏడు కదా నాన్నా."

"నేను పుట్టింది విరోధి కార్తీకంలో. మీ నాయనమ్మ నాగుల చవితికి పుట్టలో పాలు పోసొచ్చింది, మర్నాడు నేను. 1949."

"మరి జూలై 1?"

"అది పంతులుగారు కన్న తేదీ. మా క్లాసులో సగం మందిమి జూలై 1నే పుట్టాం."

బాల్కనీలోకి వెళ్ళి గురువుగారికి ఫోన్ చేశాను. 1949 సెట్టు ఎంతవుతుందని అడిగాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి కొంత టైము పట్టింది.

"ఆ ఏడు వేసిన మన నాణేలు చలామణీలోకి రాలేదండీ. 1947 తర్వాత మళ్ళీ 1950యే. ఖాళీ పెట్టె ఇచ్చెయ్యండి నాన్నగారికి, పూర్తి సెట్టే."

వెనక నిలబడి అంతా విన్న మా ఆవిడ, "ఆ ఏడేదో మొదటే పట్టుకోకపోయారా?" అంది.