కైలాసగిరి రాళ్లు, క్రాకటోవా అలలు

కైలాసగిరి ఎక్కే దారిలో రోడ్డు కోసం కొండను తొలిచిన చోట ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎర్రబారిన రాతిలో లేత రంగు చారలు, వాటి మధ్య దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లు కనిపిస్తాయి. ఇది ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఈ రాయికి పెట్టారు. విశాఖ కొండల్లో ఏదీ అగ్నిపర్వతం కాదు. అయినా శిలాద్రవం పుట్టుక తెలుసుకోవడానికి మనకు ఇంతకంటే దగ్గరి పాఠం లేదు. సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం, భూగర్భంలో కిలోమీటర్ల లోతున, ఈ రాయి కొంత భాగం మాత్రమే కరిగింది. కరిగినది పైకి పొంగే దారి దొరకక అక్కడే గడ్డకట్టి చారలుగా మిగిలింది.

'కొంత భాగం' అన్న మాటే ఇక్కడ ముఖ్యం. కాళ్ల కింద నిప్పుల సముద్రం ఉందని, కొండకు చిల్లు పడితే అది పైకి చిమ్ముతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి భూపటలం కింద ఉన్న మాంటిల్ దాదాపు అంతా ఘనపదార్థమే. విపరీతమైన వేడి ఉన్నా పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ప్రెషర్ కుక్కర్‌లో 100 డిగ్రీలు దాటినా మరగని నీరు, ఒత్తిడి పోగానే భగ్గున ఆవిరవుతుంది కదా. మాంటిల్ రాయి పైకి జరిగి ఒత్తిడి తగ్గినప్పుడూ అలాగే కరగడం మొదలవుతుంది. సముద్రగర్భంలో ఫలకాలు (భూమి పైపొరలోని భారీ పలకలు) విడిపోయే చోట్ల జరిగేది ఇదే.

రాయి కరగడానికి రెండో దారి మరీ ఆశ్చర్యకరం: నీళ్లు. అండమాన్ దగ్గర భారత ఫలకం తూర్పు ఫలకం కిందికి దిగుతోంది. దిగుతూ, తనలో బంధించుకున్న నీటిని పైనున్న రాతిలోకి వదులుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం, బారెన్ ద్వీపం, అలా పుట్టినదే. 1991లో మేల్కొన్నాక మళ్లీ మళ్లీ బద్దలవుతోంది. మన విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) ఓడ వెళ్లేది ఆ సముద్రంలోకే.

ఇక ప్రమాదాల సంగతి. ఎర్రగా పారే లావాను చూసి భయపడతాం కానీ, దాని నుంచి సాధారణంగా నడిచైనా తప్పించుకోవచ్చు. 1985 నవంబరు 13న కొలంబియాలో నెవాడో దెల్ రుయిజ్ అగ్నిపర్వతం పేలి, శిఖరంపై మంచు కరిగి, ఆ బురద వరద అర్మేరో పట్టణాన్ని ముంచింది. సుమారు 23,000 మంది చనిపోయారు. పేలుడుకూ వరద చేరడానికీ మధ్య రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. ప్రమాద పటం అప్పటికే తయారై ఉంది. ఆ జనాన్ని కదిలించి ఉంటే బతికేవారన్న ఆలోచన నన్ను వదలదు. మరుసటి ఏడాది కామెరూన్‌లో, అగ్నిపర్వత బిలంలోని న్యోస్ సరస్సు నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్ రాత్రివేళ లోయల్లోకి పాకి సుమారు 1,700 మందిని బలిగొంది. గాలికంటే బరువైన వాయువు నిద్రలో ఉన్న ఊరిని ఏం చేస్తుందో 2020 మే 7 వేకువ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీలో చూసిన విశాఖకు వేరే చెప్పాలా?

మనకు నేరుగా సంబంధించినది సముద్రం. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించిన 36,000 మందికి పైగా ప్రజల్లో అత్యధికులు సునామీకే బలయ్యారు. 2018 డిసెంబరు 22న అక్కడే తర్వాత పుట్టిన అనక్ క్రాకటావు అగ్నిపర్వతం పక్క భాగం కూలి లేచిన అలలు 400 మందికి పైగా ప్రాణాలు తీశాయి. ముందుగా పెద్ద భూకంపమేదీ రాలేదు, హెచ్చరికా అందలేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. సునామీ హెచ్చరికకు మొదటి ఆధారం భూకంపమే. కాబట్టి కొండ కూలినప్పుడు భారమంతా సముద్రమట్టాన్ని కొలిచే పరికరాలపైనే పడుతుంది. బారెన్ మనకు సుమారు 1,300 కిలోమీటర్ల దూరం. అంత దూరంలో అల బలహీనపడవచ్చు. కానీ నేల కంపించలేదు కాబట్టి భయం లేదన్న ధీమా మాత్రం తప్పు.

పొరుగున ఒడిశాలోని వెంకటరాయపూర్, నోలియాసాహి గ్రామాలకు 2020లో యునెస్కో నుంచి 'సునామీకి సిద్ధం' గుర్తింపు వచ్చింది. ముంపు పటాలు, తరలింపు దారులు, క్రమం తప్పని అభ్యాసాలు ఉంటేనే ఆ గుర్తింపు ఇస్తారు. విశాఖలోని పెద జాలారిపేటలో, భీమిలి తీరంలో ఎత్తైన చోటుకు ఏ సందు గుండా వెళ్లాలో పిల్లలతో సహా అందరూ ఒకసారి నడిచి చూడాలి. పెద జాలారిపేటకైతే కైలాసగిరి ఎంతో దూరం లేదు.